నా వీసా కన్నా నా చేపల లైసెన్సుకే గడువెక్కువ

నా చిన్నప్పుడు మా నాన్న దగ్గర మూడు నాలుగు రకాల తిట్లుండేవి. లెక్కల్లో మార్కులు తగ్గితే "గేదెలు కాచుకో", ఇంగ్లీషులో తగ్గితే "తోటకి కాపలా పో", సాయంత్రం ఇంటికి ఆలస్యంగా వస్తే మాత్రం "ఇట్టాగే చెరువు గట్టున గాలం వేసుకుని బతుకుదువుగాని". నేను భయపడి చదువుకున్నాను. బీటెక్ చేశాను, హైదరాబాదులో రెండేళ్ళు ఉద్యోగం చేశాను, 2021లో అమెరికా వెళ్ళి ఎమ్మెస్ కూడా చేశాను. ఇవన్నీ అయ్యాక, 2025 జనవరి, ఫిబ్రవరి నెలల్లో, వారానికి మూడు నాలుగు రోజులు చెరువు గట్టున గాలం వేసుకుని కూర్చున్నాను. నాన్న మాట ఊరికే పోలేదన్నమాట.

మాది విస్సన్నపేట. అదెక్కడా అని అడిగితే నూజివీడు దగ్గర అంటాం. నూజివీడు అనగానే "ఓ, మామిడిపళ్ళు!" అని ఎదుటివాళ్ళే పూర్తి చేస్తారు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకి పోయింది, మేం ఎన్టీఆర్ జిల్లాలో పడ్డాం. మా చెట్లకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, అవి ఇప్పటికీ నూజివీడు రసాలే కాస్తున్నాయి.

మామిడి ఊరివాడికి మంచుకొండల్లో ట్రౌట్ చేపలతో పనేంటని మీరడగొచ్చు. ఇందులో సగం ట్రౌట్ పట్టడం కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి పనికొస్తుంది, మిగతా సగం నా సొద. రెండూ విడదీసి రాద్దామని చూశాను కానీ నా వల్ల కాలేదు. కాబట్టి సర్దుకుపోండి.

అప్పట్లో నేను కాలిఫోర్నియాలో ఫోల్సమ్ అనే ఊళ్ళో ఉండేవాణ్ణి. శాక్రమెంటో పక్కన. మనవాళ్ళు బాగానే ఉంటారక్కడ. ఫోల్సమ్ నుంచి హైవే 50 మీద తూర్పుకి ఓ ముప్పావుగంట కొండెక్కితే పోలక్ పైన్స్ వస్తుంది. దాని పక్కనే జెంకిన్సన్ లేక్. ఆ పేరుతో ఎవరూ పిలవరు, అందరికీ అది స్లై పార్క్. సముద్రమట్టానికి దాదాపు 3,500 అడుగుల ఎత్తున, చుట్టూ పైన్ చెట్లతో ఉంటుంది. పేరుకి లేక్ గానీ 1955లో కట్టిన ఆనకట్ట వెనక నిలిచిన నీళ్ళే. మన లెక్కలో అదీ చెరువే.

2024 నవంబరులో థాంక్స్ గివింగ్ సెలవులకి ఆఫీసువాళ్ళం నలుగురం అక్కడికి వెళ్ళాం. అప్పుడు సరదాగా చేపల లైసెన్సు కొన్నాను. కాలిఫోర్నియాలో 16 ఏళ్ళు నిండిన వాళ్ళెవరు గాలం వేయాలన్నా లైసెన్సుండాలి. ఒక్కరోజుకీ ఇస్తారు, ఏడాదికీ ఇస్తారు. 2023 నుంచి ఏడాది లైసెన్సంటే కొన్న రోజు నుంచి లెక్కబెట్టి 365 రోజులు. ఒక్కరోజుది తీసుకుంటే సరిపోయేది. కానీ అక్టోబరులోనే నా హెచ్-1బి మొదలైంది, లాటరీ తగిలిన మనిషిని, కనీసం మూడేళ్ళు ఎక్కడికీ కదలనన్న ధీమా. అరవై డాలర్ల పైచిలుకు పెట్టి ఏడాదిదే తీసుకున్నాను. ఆ రోజు నలుగురికీ కలిపి ఒక్క చేప కూడా పడలేదు.

జనవరి రెండో వారంలో ఓ మంగళవారం పొద్దున, క్యాలెండర్‌లో అప్పటికప్పుడు ప్రత్యక్షమైన పదిహేను నిమిషాల మీటింగ్‌లో నా ఉద్యోగం పోయింది. ఆ మీటింగుల గురించి మీకు నేను వేరే చెప్పక్కర్లేదు. మీలో కొందరు అందులో కూర్చునే ఉంటారు, మిగతావాళ్ళు పక్క క్యూబికిల్‌లోంచి చూసి ఉంటారు. హెచ్-1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోయాక మహా అయితే 60 రోజులు గడువు. ఆ రాత్రి లెక్కేసుకుంటే తేలిందేంటంటే, ఆ దేశంలో ఉండటానికి నాకు మార్చి రెండో వారం దాకా అనుమతుంది. ఆ దేశంలో చేపలు పట్టుకోవడానికి నవంబరు దాకా ఉంది.

ఇంట్లో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో కూడా చెప్తాను. మాకు నాలుగెకరాల మామిడి తోటుంది. బంగినపల్లి, రసాలు, కొన్ని కలెక్టరు చెట్లు. మా తాత నాటినవి సగం, నాన్న నాటినవి సగం. నా ఎమ్మెస్ అప్పుకి ఆ తోట కాగితాలు బ్యాంకులో ఉన్నాయి. ఇంకా సగం పైన కట్టాలి. ఫోన్ చేసి "నాన్నా, ఉద్యోగం పోయింది" అంటే ఆయనకి ముందు వినపడేది ఉద్యోగం కాదు, తోట. అందుకని రెండు వారాల్లో ఇంకోటి దొరుకుతుంది, దొరికాక "కంపెనీ మారాను" అని చెప్దాంలే అనుకున్నాను.

మరి గాలమెందుకంటారా? పొద్దున ఐదింటికే లేచి అప్లికేషన్లు పెట్టేవాణ్ణి. ఎనిమిదయ్యేసరికి మా రూమ్మేట్ హాల్లో కూర్చుని మీటింగులు మొదలెట్టేవాడు. వాడి తప్పేం లేదు. కానీ "ఈ స్ప్రింట్‌లో అయిపోతుంది" లాంటి మాటలు పక్కగదిలోంచి వింటూ కూర్చోవడం నా వల్ల కాలేదు. లైసెన్సుంది, కార్లో గాలం కర్ర ఉంది. వెళ్ళిపోయేవాణ్ణి.

సరే, ఇక ట్రౌట్ సంగతి.

మన చేపల అనుభవం దీనికి తలకిందులుగా పనిచేస్తుంది. మా చెరువుల్లో శీలావతి, బొచ్చె వెచ్చటి నీళ్ళ చేపలు. నీళ్ళు 25, 30 డిగ్రీలుంటే వాటికి పండగ. డిసెంబరు, జనవరుల్లో మా ఊళ్ళో గాలం వేసేవాళ్ళు "చలికి మేత ముట్టట్లేదు" అంటారు. ట్రౌట్ అలా కాదు. దానికి 10 నుంచి 16 డిగ్రీలు హాయి, 20 దాటితే ఇబ్బంది. అందుకే మన దేశంలో కశ్మీరు, హిమాచల్, నీలగిరుల లాంటి చోట్లే బ్రిటిష్ వాళ్ళు తెచ్చి వదిలిన ట్రౌట్ బతికింది. (2026లో హైదరాబాదు దగ్గర కందుకూరులో నీళ్ళు చల్లబరిచి మరీ ట్రౌట్ పెంచే కేంద్రం తెరిచారు. మనవాళ్ళు తలుచుకుంటే చేపకి కూడా ఏసీ పెట్టిస్తారు.)

వేసవిలో చెరువు పైనీళ్ళు వేడెక్కుతాయి కాబట్టి ట్రౌట్ లోతుకి దిగిపోతుంది. పడవ లేనివాడికి అందదు. చలికాలం వచ్చేసరికి పైనీళ్ళు చల్లబడి, బరువెక్కి, కిందికి దిగి అడుగునీళ్ళతో కలిసిపోతాయి. పైనుంచి కింది దాకా దాదాపు ఒకటే చలి. అప్పుడిక చేపకి లోతుకి పోయే అవసరం ఉండదు, గట్టు వారకి తిరుగుతుంది. గట్టు మీద నించున్నవాడు వేసిన గాలం దానికి అందుతుంది. కొత్తవాళ్ళకి చలికాలమే మంచిదనడానికి కారణం ఇదే.

అయితే ఎంత చలిని ఇష్టపడే చేపైనా, నీళ్ళు నాలుగైదు డిగ్రీలకి దిగితే దానికీ ఒళ్ళు బద్ధకిస్తుంది. తినడం తగ్గుతుంది, తిన్నది అరగడానికీ టైము పడుతుంది. ఎర వెంట పరిగెత్తదు. కాబట్టి చిన్న ఎర, నిదానం, ఎండ. ఈ మూడూ నాకు పుస్తకంలో దొరకలేదు, ఒక పెద్దాయన దగ్గర దొరికాయి.

మొదటి వారమంతా నేను తెల్లారకముందే వెళ్ళి చీకట్లో వణుకుతూ నించునేవాణ్ణి. మా ఊళ్ళో చేపలు పట్టేది తెల్లారగట్లే కదా. ఒక్కటీ పడలేదు. ఆ పెద్దాయన మాత్రం పదింటికి తాపీగా వచ్చేవాడు, మధ్యాహ్నం రెండింటికి మూడు చేపల్తో వెళ్ళిపోయేవాడు. లావోస్ నుంచి ఎప్పుడో శరణార్థిగా వచ్చిన హ్మాంగ్ మనిషి. శాక్రమెంటోలో వాళ్ళు చాలామంది ఉన్నారు. ఆయనకి ఇంగ్లీషు అంతంతమాత్రం, నాకు చేపల భాష అంతంతమాత్రం. నాలుగో రోజు నా దగ్గరకొచ్చి, నా గాలానికున్న పిండిముద్ద చూసి "టూ బిగ్" అన్నాడు. తన వేళ్ళతో దాన్ని నలిపి బఠాణీ గింజంత చేశాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని అవతలి గట్టుకి తీసుకెళ్ళాడు.

అవతలిది ఉత్తరపు గట్టు. చలికాలంలో సూర్యుడు దక్షిణంగా వాలి ఉంటాడు కాబట్టి ఎండంతా ఆ గట్టు మీదే పడుతుంది. నీళ్ళు కొంచెం లోతు తక్కువగా, అడుగున బండలున్న చోటైతే మధ్యాహ్నానికి ఒకటి రెండు డిగ్రీలు వెచ్చబడతాయి. పురుగూ పుట్రా అక్కడ కదులుతాయి, చేప అక్కడికొస్తుంది. వాగు వచ్చి కలిసేచోటు, నీళ్ళలోకి పొడుచుకొచ్చిన గట్టు, గాలి ఎటు కొడుతుంటే ఆ వైపు గట్టు కూడా మంచి చోట్లే. చీకట్లో లేవడం మానేశాను. పది నుంచి మూడు గంటలు, అంతే.

గాలం సంగతి క్లుప్తంగా చెప్తాను. ఏడడుగుల లోపు తేలిక కర్ర, చిన్న స్పిన్నింగ్ రీలు, నాలుగు నుంచి ఆరు పౌండ్ల దారం చాలు. లావు దారం వేస్తే ఆ తేటనీళ్ళలో చేపకి కనపడిపోతుంది. మా చెరువులో నీళ్ళు చాయ్ రంగులో ఉంటాయి, చాంతాడు కట్టినా చేపకి కనపడదు. దారానికి ముందు నడిమధ్య బెజ్జమున్న చిన్న సీసపు గుండు ఎక్కించాలి, దాని కింద ఒక పూస, తర్వాత బొంగరంలా తిరిగే చిన్న ముడి ఉంగరం, అంటే స్వివెల్. స్వివెల్ నుంచి ఒకటిన్నర రెండడుగుల సన్నదారం, చివర 14 లేదా 16 నంబరు చిన్న గాలం. ఎరకి కొట్టులో దొరికే పిండిముద్ద, పవర్‌బెయిట్ అంటారు. కిటుకంతా ఆ పిండిలో ఉంది: అది నీళ్ళలో తేలుతుంది. సీసం అడుక్కి పోయి కూర్చుంటుంది, పిండి గాలాన్ని ఎత్తి పట్టుకుని అడుగు నుంచి రెండడుగులపైన తేలుతూ ఉంటుంది. ట్రౌట్ తిరిగేది సరిగ్గా అక్కడే. చేప ఎర అందుకుని లాగితే దారం గుండులోంచి జారిపోతుంది, దానికి బరువు తెలీదు, అనుమానం రాదు. విసిరేముందు ఒకసారి కాళ్ళ దగ్గర నీళ్ళలో ముంచి తేలుతోందో లేదో చూసుకోండి. గాలం పెద్దదై ముద్ద చిన్నదైతే మునిగిపోతుంది. నేను మొదటి మూడు రోజులూ అడుగున బురదలో పడున్న ఎరతోనే చేప కోసం ఎదురుచూశాను.

విసిరాక దారం కొంచెం వదులుగా పెట్టి, కర్రని రెండు రాళ్ళ మధ్య ఆనించి, కొసకేసి చూస్తూ కూర్చోవాలి. అరగంటలో ఏమీ లేకపోతే చోటు మారాలి. పిండితో కూర్చోవడం విసుగనిపిస్తే చిన్న రేకుచెంచా లాంటి ఎర ఉంటుంది, దాన్ని విసిరి లాక్కోవాలి. చలికాలంలో మీకు మరీ నిదానం అనిపించినంత నిదానంగా లాగాలి, అప్పుడది చేపకి సరిగ్గా సరిపోతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. పిండి ఎరకి పడ్డ చేప సాధారణంగా గాలాన్ని గొంతులోకి మింగేస్తుంది. పీకి వదిలేసినా చాలావరకు బతకదు. అందుకని పిండితో పట్టేవాళ్ళు పట్టినవి ఇంటికి తీసుకెళ్ళి తినాలి, మనిషికి రోజుకి ఐదు అన్న పరిమితి దగ్గర ఆపాలి. ఫొటో దిగి వదిలేద్దామనుకునేవాళ్ళు రేకుతోనే పట్టాలి, చేపని పట్టుకునేముందు చేతులు తడుపుకోవాలి. పొడిచేత్తో పట్టుకుంటే దాని ఒంటి మీది జిగురు పొర ఊడొస్తుంది. నీటివారన సన్నటి మంచుపలక ఉంటే దానిమీద కాలు పెట్టకండి. మంచు పడే రోజు వెళ్తే కారు చక్రాలకి గొలుసులు ఉండాలి. ఎక్కడికెళ్తున్నారో ఇంట్లో ఒకరికి చెప్పండి. (ఈ ఆఖరిది చెప్పే హక్కు నాకు లేదనుకోండి.)

ఐదో రోజు మధ్యాహ్నం పన్నెండున్నరకి నా కర్ర కొస రెండుసార్లు తల ఊపింది. పన్నెండు అంగుళాల రెయిన్‌బో ట్రౌట్. పక్కన గులాబీరంగు చార, ఒళ్ళంతా నల్లచుక్కలు. చల్లటి నీళ్ళలోంచి వచ్చిన ఆ చేప నా చేతిలో ఫ్రిజ్‌లోంచి తీసిన సొరకాయలా ఉంది. పెద్దాయన అవతల్నుంచి చెయ్యెత్తాడు. ఆ మూడు వారాల్లో నన్ను ఎవరైనా ఒక పనికి పాసయ్యావని ఒప్పుకోవడం అదే మొదలు. ఫొటో తీసి ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను.

ఇక్కడ లైసెన్సు గురించి చిన్న పిట్టకథ. ఆ చెరువులో రెయిన్‌బో ట్రౌట్ చాలావరకు హేచరీలో పెంచి తెచ్చి వదిలినవే. మనం లైసెన్సుకి కట్టే డబ్బుల్లోంచే ఆ ఖర్చుకీ పోతుంది. అంటే ఎవరో పోసిన చేప. మన దగ్గరా అంతేగా. ఊరి చెరువులో చేపల హక్కు పాట పెట్టి లీజుకిస్తారు, మత్స్యకార సహకార సంఘాలుంటే వాళ్ళకి ప్రాధాన్యం. పాడుకున్నవాళ్ళు సొంత డబ్బుతో పిల్లల్ని తెచ్చి పోస్తారు, వానలు సరిగా లేక చెరువు ఎండితే వాళ్ళే మునుగుతారు. నాకు పన్నెండేళ్ళప్పుడు ఈ జ్ఞానం లేదు. చెరువంటే ఊరిది, చేపంటే దేవుడిది అనుకున్నాను. మావయ్య చేసిచ్చిన వెదురుకర్ర, నెమలి ఈక కాడతో బెండు, తోటలో తవ్విన ఎర్రలు. కేజిన్నర శీలావతి పడింది. గట్టు దిగేలోపే కాపలా మనిషి పట్టుకుని, చేపతో సహా ఇంటికి తీసుకొచ్చాడు. నాన్న నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. లోపలికెళ్ళి డబ్బులు తెచ్చి, కేజీ రేటు కనుక్కుని, తూకం వేయించి మరీ కేజిన్నరకీ లెక్కకట్టి ఇచ్చాడు. కాపలా మనిషే మొహమాటపడ్డాడు. "ఆళ్ళు పోసిన చేపరా అది" అని మాత్రం అన్నాడు నాతో. ఆ రాత్రి పులుసు నాకు సయించలేదు.

అమెరికాలో లైసెన్సు కొంటున్నప్పుడు నాకీ సంగతి గుర్తు కూడా రాలేదు. రూలు పుస్తకంలో ఉంది కాబట్టి కొన్నాను. ఫిబ్రవరిలో, పొద్దుపోక గట్టున కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది.

ఆ నెలంతా వరసగా చేపలు పడ్డాయి. ఇంటర్వ్యూలు పడలేదు. ఒక చోట ఐదు రౌండ్లు అయ్యాక ఆ పోస్టే తీసేశామన్నారు. ఇంకోచోట హెచ్-1బి అనగానే గొంతు మారిపోయింది. ట్రౌట్ తెచ్చుకుని వండుకునేవాణ్ణి. మా శీలావతికయితే బండ మీద బూడిద వేసి రుద్ది రుద్ది పొలుసు తీయాలి. ట్రౌట్ పొలుసు ఎంత సన్నమంటే ఆ బాధే లేదు, పొట్ట చీరి కడిగితే చాలు. అమ్మ పంపిన మామిడి ఒరుగులు నానబెట్టి పులుసు పెడితే మొదటిసారి ముక్కలన్నీ చెదిరిపోయి సాంబారులా తయారైంది. దాని కండ మెత్తన. వేపుడుకి మాత్రం బ్రహ్మాండం. పులుసే కావాలంటే ముందు ముక్కల్ని కొద్దిగా వేయించి, పులుసు బాగా మరిగాక ఆఖరున వేసి, గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పండి. ప్రతిసారీ ఫొటో గ్రూపులో పెట్టేవాణ్ణి. మా పిన్ని హార్టులు పెట్టేది. నాన్న ఏమీ పెట్టేవాడు కాదు.

ఫిబ్రవరి మూడో వారంలో ఓ రోజు పొద్దున ఫోన్ చేశాడు. అక్కడ రాత్రి తొమ్మిదిన్నర. తోట గురించి కాసేపు మాట్లాడాడు. పూత బాగా నిలబడిందట, పిందె పడుతోందట, తేనెమంచు పురుగు కొంచెం కనపడితే మందు కొట్టించాడట. తర్వాత మామూలుగానే అడిగాడు.

"ఏరా, నువ్వు శనాదివారాలు చేపలు పట్టవా?"

"జనం ఎక్కువుంటారు నాన్నా, వెళ్ళను" అన్నాను ఆలోచించకుండా.

"అదే చూస్తన్నా. సోమవారం పట్టావు, బుధవారం పట్టావు, గురువారం పట్టావు. ఒక్క శనివారం కూడా పట్టలేదు."

నాకు నోట మాట రాలేదు. ఫొటోలు ఆయనకి తెల్లారగట్ల తోటకి పోయే టైముకి వచ్చేవి, మర్నాటి తారీఖుతో. వారాలు కలిసిపోతాయిలే అనుకున్నాను.

"పదమూడున్నర గంటలు ఎనక్కి లెక్కేసుకోటం నాకు రాదనుకున్నావా? నాలుగేళ్ళ నించీ నీకు ఫోన్ చేస్తన్నా" అన్నాడు. తర్వాత "ఎన్నాళ్ళయింది?" అన్నాడు.

చెప్పాను. 38 రోజులని. ఇంకా 22 ఉన్నాయని. అప్పు సంగతి కూడా నేనే ఎత్తాను. తోట కాగితాలు బ్యాంకులో ఉన్నాయి కదా నాన్నా అన్నాను. అవతల కాసేపు టీవీ మాత్రమే వినపడింది.

"కాగితాలు బ్యాంకులో ఉంటే చెట్లకి పూత రాదంట్రా?" అన్నాడు. "మీ అమ్మకి నేను చెప్తాలే. నువ్విప్పుడే చెప్పమాక." చివర్లో, "ఇయ్యాల కూడా ఎళ్తన్నావా?" అని అడిగాడు. వెళ్తున్నానన్నాను. "చలికోటు ఏసుకో" అని పెట్టేశాడు.

ఆ 22 రోజులు ప్రయత్నం మానలేదు. కొందరు విజిటర్ వీసాకి మార్పు అడిగి ఇంకొన్నాళ్ళు ఆగుతారు. నేనూ ఆ ఫారం సగం నింపాను, పంపలేదు. అలా ఆగి గట్టెక్కినవాళ్ళు నాకు తెలుసు, వాళ్ళది తప్పనే మాట నా నోట రాదు. నాకెందుకో ఓపిక అయిపోయింది. మార్చి మొదటి వారంలో వచ్చేశాను. వచ్చేముందు పెద్దాయనకి నా పిండిడబ్బాలన్నీ ఇచ్చేశాను. ఎక్కడికన్నాడు. ఇండియా అన్నాను. "హోమ్?" అన్నాడు. అవునన్నాను. తల ఊపి తన కర్రకేసి చూస్తూ ఉండిపోయాడు. ఆయన మళ్ళీ లావోస్ వెళ్ళాడో లేదో అన్నాళ్ళలో ఒక్కసారీ అడగలేదు నేను. అడిగుండాల్సింది.

నేనొచ్చేసరికి కాయ ముదురుతోంది. ఏప్రిల్, మే కోతలన్నీ చూశాను, పదేళ్ళ తర్వాత. జూన్‌లో హైదరాబాదు కంపెనీలో ఉద్యోగం దొరికింది. జీతం రూపాయల్లో, అప్పు వాయిదా మాత్రం డాలర్లలో సంపాదిస్తానన్న ధీమాతో పెట్టుకున్నది. తీరడానికి మూడేళ్ళ బదులు ఏడేళ్ళు పడుతుంది. కాగితాలు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. ఇంటి నుంచి పనిచేయనిస్తారు కాబట్టి నెలలో ఓ పది రోజులు విస్సన్నపేటలోనే ఉంటున్నాను.

2026 సంక్రాంతికి అమెరికా కర్ర బయటికి తీశాను. ముందు చెరువు పాడుకున్నాయన ఇంటికి వెళ్ళి అడిగాను, డబ్బులిస్తానన్నాను. ఆయన నవ్వి, "శీలావతి, బొచ్చె పడితే వదిలెయ్యి బాబూ, తిలాపియా పడితే ఎన్నయినా పట్టుకుపో, పీడా పోద్ది" అన్నాడు. డబ్బులొద్దన్నాడు. మైదా, తవుడు కలిపి ముద్ద చేశాను. పవర్‌బెయిట్ వాసనకి మా చేపలు దగ్గరికైనా వచ్చేవో లేదో. మధ్యాహ్నం ఎండ పడే గట్టు చూసుకుని కూర్చున్నాను. నాన్న కూడా వచ్చాడు, కనుమ పూట పనేం లేదని. ఆయన్ని చెరువు గట్టున గాలం దగ్గర కూర్చోబెట్టడం నాకు చిన్న విజయంలా అనిపించింది, పైకి అనలేదు.

గంటన్నర అయినా కర్ర కొస కదల్లేదు. నాన్న రీలు తీసుకుని చేప లేకపోయినా తిప్పి తిప్పి, ఆ టికటిక శబ్దం వింటున్నాడు. ఈలోగా కొత్త కాపలా కుర్రాడొకడు బండి మీద వచ్చాడు, వాడికి మా సంగతి చెప్పినట్టు లేరు. ఎవరండీ, ఎవరినడిగేశారు అన్నాడు.

నాన్న వాడికేసి తిరక్కుండానే అన్నాడు, "మావాడికి లైసెన్సుందిలే."

"నవంబరుతో అయిపోయింది నాన్నా" అన్నాను.